పక్క మంచం పాలు

ఐదేళ్ళయింది. మింగలేక, కక్కలేక, ఒక మనిషి చావును కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. పెళ్ళిళ్ళకు వెళ్ళాను, పేరంటాలకు వెళ్ళాను, రెండుసార్లు కొండకు వెళ్ళి తలనీలాలు కూడా ఇచ్చి వచ్చాను. జుట్టు మళ్ళీ పెరిగింది. లోపలున్నది మాత్రం ఇసుమంత కూడా తగ్గలేదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పే ధైర్యమే ఉంటే నాకు ఈ కాగితాలతో పనేముంది? ఒక మాట ముందే అనుకుందాం. చదువుతూ చదువుతూ నా మీద జాలి పడేరు. పడకండి. నేను జాలి పడదగ్గ మనిషిని కాను, ఆ సంగతి చివరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

నాది నరసరావుపేట. ఊరి పేరు దాచను, పేటేమీ చిన్నది కాదు, అందులో నన్ను వెతికి పట్టుకోండి చూద్దాం. అంగన్‌వాడీ టీచర్ని. పెళ్ళయిన మూడో ఏడు పుట్టింటికి తిరిగొచ్చేశాను. పిల్లల్లేరు. అమ్మానాన్నా పోయాక తమ్ముణ్ణి నేనే చదివించాను, పురుగుమందుల షాపు నేనే పెట్టించాను, పెళ్ళీ నేనే చేశాను. మరదల్ని రాజుపాలెం నుంచి తెచ్చుకున్నాం. మెతక పిల్ల. వదిన గీసిన గీత దాటేది కాదు. ఆమె పేరు సుజాత అనుకోండి. ఇందులో పేర్లన్నీ మార్చాను, పేర్లు తప్ప ఇంకేమీ మార్చలేదు.

సుజాతకు రెండు కడుపులు పోయాయి. ఒకటి మూడో నెలలో, ఒకటి ఐదో నెలలో. మూడోది నిలబడింది. నిలబడి, అన్ని గండాలూ దాటి, నెలలు నిండే సమయానికి రెండో విడత కరోనా వచ్చి నెత్తిన పడింది. ఆ మే నెల మీకూ గుర్తుండే ఉంటుంది. ఫోన్ మోగితే ఎత్తాలంటే భయం.

నాకు అప్పుడు ఇంటింటి సర్వే డ్యూటీ. నా వార్డులో గర్భిణుల లిస్టు నా రిజిస్టర్లోనే ఉండేది. గుమ్మం గుమ్మానికీ వెళ్ళి చెప్పేదాన్ని. అమ్మా, కడుపుతో ఉన్నవాళ్ళకు ఈ జబ్బు వస్తే మామూలు వాళ్ళ కంటే ఎక్కువ ముదురుతుంది, ఊపిరి అందదు, నెలలు నిండకుండానే కాన్పు కావచ్చు, బిడ్డ చేతికి దక్కకపోనూ వచ్చు, జ్వరం వస్తే దాచకండి, వెంటనే పరీక్ష చేయించుకోండి. రోజుకు ఇరవై గుమ్మాల్లో ఇదే పాఠం. దాచకండి అన్న మాట దగ్గర గొంతు పెంచేదాన్ని కూడా.

ఇప్పుడు వినండి ఆ టీచరమ్మ ఏం చేసిందో.

సుజాతను చూపించే నర్సింగ్ హోమ్‌లో ఆపరేషన్ తేదీ ఇచ్చారు. నెగెటివ్ కాగితం తెస్తేనే లోపలికి రానిస్తాం, పాజిటివ్ అయితే గుంటూరు పెద్దాసుపత్రికి పోవాలి అన్నారు. తేదీ నాలుగు రోజులుందనగా తమ్ముడికి జ్వరం వచ్చింది. వాణ్ణి మేడ మీద గదిలో పెట్టి తలుపు వేశాను. మర్నాడు సుజాతకు ఒళ్ళు కాలింది. గొంతు గరగర అంది. వీపు మీద చెయ్యి వేసి చూసి, అప్పుడే అనుకున్నాను, వచ్చేసిందని. కాబట్టి తెలియక చేశాను అని చెప్పుకునే దారి నాకు లేదు. తెలుసు. చెయ్యి వేసిన క్షణం నుంచీ తెలుసు.

గుంటూరు తీసుకెళ్ళి ఉండొచ్చు కదా అంటారు. ఉండొచ్చు. అక్కడ ఈ జబ్బున్న గర్భిణులకు వేరే వార్డు ఉంది, కాన్పులు చేస్తున్నారు, నా లిస్టులో వాళ్ళను నేనే కసిరి పంపించాను. అందరూ బిడ్డల్నెత్తుకుని తిరిగొచ్చారు, ఒక్కరు తప్ప. పరాయివాళ్ళను పంపేటప్పుడు తిరిగొచ్చినవాళ్ళు గుర్తొచ్చారు. మా పిల్ల దగ్గరకు వచ్చేసరికి ఆ ఒక్కతే కళ్ళ ముందు నిలబడింది.

పక్క మండలంలో ఒక బడిలో పరీక్షలు చేస్తున్నారని తెలిసింది. అక్కడ నన్ను ఎరిగినవాళ్ళు లేరు. సుజాత ఆధార్ కార్డు తీసుకున్నాను. ఆధార్ కార్డులో ఫోటో ఎవరిది వాళ్ళకే పోలదు, ఇక మాస్కు వేసుకున్న మొహాన్ని ఎవరు పోలుస్తారు? పాత చీర మడతలు పెట్టి కడుపుకు చుట్టుకున్నాను. పైన వదులు నైటీ, దాని మీద చున్నీ. బస్సులు లేవు, ఆటో మాట్లాడుకుని వెళ్ళాను. లైన్ చాంతాడంత ఉంది. నన్ను చూడగానే ఒక పెద్దాయన లేచి తన కుర్చీ ఇచ్చాడు. ఇంకెవరో, కడుపుతో ఉన్న మనిషిని ఎండలో నిలబెడతారా, ముందుకు పోనీండయ్యా అని అరిచారు. ఒకావిడ నిమ్మకాయ సోడా తెప్పించింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, జన్మలో మొదటిసారి నలుగురు నన్ను గర్భిణిగా చూశారు. ఆ పది నిమిషాలు నాకు బాగుంది.

ముక్కులో పుల్ల పెట్టారు. సుజాత పేరు రాసుకున్నారు. రెండో రోజు నెగెటివ్ అని ఫోన్‌కు వచ్చింది. సుజాతకు మాత్రం, నాకు తెలిసినవాళ్ళు కాగితం ఇప్పించారు, నీకు పరీక్ష అక్కర్లేదు, ఎండదెబ్బకు వచ్చిన జ్వరమే అని చెప్పాను. నమ్మింది. నేను ఏం చెప్పినా నమ్మేది.

నర్సింగ్ హోమ్ వాకిట్లో నుదుటి దగ్గర మిషన్ పెట్టి చూస్తారని, ఆ పొద్దున ఇంట్లోనే జ్వరం బిళ్ళ వేశాను. ఒళ్ళు చల్లబడ్డాక బయల్దేరదీశాను. మిషన్‌లో ఏమీ కనిపించలేదు. లోపలికి పోనిచ్చారు.

గదికి రెండు మంచాలు, మధ్యలో పచ్చ తెర. పక్క మంచం మీద మెహరున్.

ఇరవై రెండో, ఇరవై మూడో ఉంటాయేమో. ముందు రోజే ఆడపిల్ల పుట్టింది, మామూలు కాన్పే. తల్లి లేదు. అత్తకు ఆయాసం, పెద్దవాళ్ళను ఆసుపత్రి ఛాయలకు రానివ్వని రోజులవి. తోడు ఎవరూ లేక ఒక్కతే ఉంది. ఒక్కతే ఉన్నందుకు ఏడుస్తూ కూర్చునే రకం కాదు. మేము వెళ్ళిన అరగంటలో మా వంశం మొత్తం అడిగి తెలుసుకుంది. టీచరని తెలియగానే, అయితే మా పిల్లకు అ ఆలు మీ దగ్గరే అని తేల్చేసింది. భర్త సలీంది పల్నాడు రోడ్డులో మెకానిక్ షెడ్డు. ఆ రోజుల్లో అంబులెన్సులు చెడిపోతే ముట్టుకునేవాళ్ళు లేరు. సలీం ఒక్కడే చేసేవాడట. అందుకని భార్య దగ్గరకు రానని తనే ఒట్టు పెట్టుకున్నాడు. గేటు దగ్గర క్యారియర్ ఇచ్చి, కింద రోడ్డు మీద నిలబడితే, ఈమె కిటికీ దగ్గర బిడ్డను ఎత్తి చూపించేది. అంత జాగ్రత్తపడిన మనిషి అతను. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

మధ్యాహ్నం సుజాతకు ఆపరేషన్ చేశారు. మగపిల్లాడు. నేను పెంచిన తమ్ముడికి కొడుకు. ముందు నేనే చేతుల్లోకి తీసుకున్నాను. సుజాత మత్తులోంచి సరిగా తేరుకోలేదు, బిళ్ళ బలం తగ్గి జ్వరం మళ్ళీ పైకొచ్చింది, నర్సులు ఆపరేషన్ జ్వరమే అనుకున్నారు. పాలు పడలేదు. వాడు గుక్కపట్టి ఏడుపు.

జబ్బున్నా సరే తల్లి మాస్కు కట్టుకుని, చేతులు కడుక్కుని బిడ్డకు పాలివ్వొచ్చు, పాల వల్ల జబ్బు రాదు, భయపడకండి. ఇదీ నేను గుమ్మాల్లో చెప్పిన పాఠంలోదే. మా పిల్లాడి దగ్గరకు వచ్చేసరికి నా పాఠం మీద నాకే నమ్మకం లేకపోయింది. సుజాత ఊపిరి వాడికి తగలకూడదు అనుకున్నాను. తెర పక్కకు లాగాను.

నేను అడగాల్సిన పని కూడా లేకపోయింది. "ఇటియ్యక్కా, ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లేట్టుండాడు" అని మెహరునే చేతులు చాపింది. తన పిల్లను పక్కన పడుకోబెట్టి వీణ్ణి తీసుకుంది. మూతి మీది మాస్కు కిందికి లాగేసింది, పసోడు భయపడతాడని. వాడు ఆవురావురుమని తాగాడు. మెహరున్ నవ్వుతూ, మా వాళ్ళల్లో ఒక తల్లి పాలు తాగితే తోడబుట్టినోళ్ళే అక్కా, మా పిల్ల ఒక రోజు పెద్దది గదా, వీడు దానికి తమ్ముడు, రేపు వీళ్ళకు పెళ్ళి చేత్తానన్నా కుదరదు అంది. నాకూ నవ్వొచ్చింది. నవ్వి, బిడ్డను తీసుకుని, తుండుగుడ్డతో వాడి మూతి గట్టిగా తుడిచాను. ఆమె చూస్తుండగానే తుడిచాను. ఎందుకు తుడిచానో మీకూ తెలుసు, ఆమెకూ తెలిసే ఉంటుంది. మరో రెండు గంటలకు వాడు మళ్ళీ ఏడిస్తే మళ్ళీ చేతులు చాపింది.

సుజాతకు డబ్బా పాలు పడుతున్నానని చెప్పాను. ఇప్పటికీ అలాగే అనుకుంటోంది.

రెండో రోజు సాయంత్రం సుజాతకు కాస్త తెలివొచ్చింది. బిడ్డను ఒక్కసారి ఇవ్వమంది. మొహానికి రెండు మాస్కులు కట్టి ఇచ్చాను. వాడి నెత్తి దగ్గర ముక్కు పెట్టింది. మాస్కు దించి మళ్ళీ పెట్టింది. మొహం పాలిపోయింది. "వదినా, బిడ్డ వాసన రావట్లా" అంది.

పసిపిల్లల నెత్తి దగ్గర ఒక వాసన ఉంటుంది కదా. పిల్లల్లేని నాకే తెలుసు ఆ వాసన. కన్నతల్లికి రాలేదు. అది ఆపరేషన్ మత్తు వల్ల, రెండు రోజుల్లో వచ్చేస్తుంది, పడుకో అన్నాను. బిడ్డను లాక్కున్నాను.

అంతవరకూ ఏ మూలో ఒక సందు ఉండేది, ఎండదెబ్బేనేమో, మామూలు జ్వరమేనేమో అని. ఆ సాయంత్రంతో ఆ సందు కూడా మూసుకుపోయింది. అప్పుడైనా లేచి వెళ్ళి డాక్టరమ్మతో చెప్పాల్సింది. పోనీ, మా సుజాతకు జలుబు చేసింది, దగ్గరకు రావద్దు అని మెహరున్‌తోనైనా అనాల్సింది. అదీ కాదు, లేచి ఆ తెర వేసి ఉంటే సరిపోయేది. ఎందుకు వెయ్యలేదు? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో లెక్క లేదు. భయం వల్ల అని రాద్దామనుకున్నాను ఇందాక. భయం కాదు. తెర వేస్తే పాలు ఆగిపోతాయి. నాకు పాలు కావాలి. అంతే.

మూడో రోజు పొద్దున మళ్ళీ నేనే ఎత్తి ఇచ్చాను. ఆ రోజు మెహరున్ ఇంకో మెట్టు ఎక్కింది. సుజాతకు పాలు పడేలా చేస్తానని వచ్చి, మా మంచం మీదే కూర్చుని, మొహంలో మొహం పెట్టి, బిడ్డను ఎలా పట్టుకోవాలో చూపించింది, చిక్కులు పడ్డ జుట్టు దువ్వి జడ వేసింది. సుజాత దగ్గుతోంది. ఏందక్కా ఈ దగ్గు అని మెహరున్ అడిగితే, ఫ్యాన్ గాలి పడదు మా పిల్లకు అన్నాను. లేచి ఫ్యాన్ తగ్గించి వచ్చింది.

నాలుగో రోజు ఆమెను ఇంటికి పంపించారు. వెళ్తూ వెళ్తూ మా వాడి బుగ్గ పుణికి, తమ్ముణ్ణి అప్పుడప్పుడూ చూపియ్యక్కా అంది.

సుజాత పది రోజులు దగ్గి, నీరసపడి, కోలుకుంది. తమ్ముడు కోలుకున్నాడు. పిల్లాడికి ఒళ్ళు వెచ్చబడను కూడా లేదు. మాకేమీ కాలేదు. నిజం అదే, మాకేమీ కాలేదు.

మెహరున్‌కు ఇంటికెళ్ళిన మూడో రోజు జ్వరం. ఆరో రోజుకు ఊపిరి అందలేదు. సలీం‌కు అంబులెన్సు మాత్రం వెంటనే దొరికింది, అన్నీ అతను బాగుచేసినవే కదా. గుంటూరులో మంచం కోసం సగం రోజు తిరిగారు. ఆక్సిజన్ పెట్టిన నాలుగో రోజు చనిపోయింది. పసిపిల్లకు కూడా జ్వరం తగిలి, గాజు పెట్టెలో వారం ఉంచారు. అది బతికింది.

నర్సింగ్ హోమ్ నుంచి ఫోన్ చేశారు, మీ వాళ్ళెవరికైనా ఏమైనా లక్షణాలున్నాయా అని. మా రిపోర్టు మీ దగ్గరే ఉంది, చూసుకోండి అని గదమాయించి పెట్టేశాను. వీధిలో ఆడవాళ్ళు, వాళ్ళు ఎక్కడ పడితే అక్కడ తిరుగుతారు, ఆ సాయిబుల వీధుల నుంచే వస్తోంది ఈ జబ్బంతా అన్నారు. నేనూ తలూపాను. తలూపి ఊరుకోలేదు, మొగుడు అంబులెన్సులు రిపేరు చేస్తాడట అని నేనే అందించాను. ఆ మాట పెరిగి పెరిగి సలీం చెవిదాకా పోయింది. నేను వేసిన మాటే నా గుమ్మానికి తిరిగొచ్చింది, అతని నోట్లోంచి.

నలభయ్యో రోజు చేసుకున్నాక ఒక పొద్దున వచ్చాడు. చేతిలో స్టీలు డబ్బా. లోపలికి రమ్మన్నా రాలేదు, మెట్టు దిగువనే నిలబడ్డాడు.

"మెహరున్ మీ గురించి చానా చెప్పిందక్కా. దిక్కులేకుండా పడున్నప్పుడు సొంత అక్కలాగా చూశారంట. నలభై రోజుల వంట, మీకు ఇచ్చిపోదామని" అన్నాడు.

డబ్బా అందుకున్నాను. అతను వెళ్ళలేదు.

"ఒక మాట అడుగుతా, నిజం చెప్పండక్కా. మీరు ఆ నాలుగు రోజులు ఆ గదిలోనే ఉండారు గదా. మీ ఇంట్లో ఎవరికీ రాలేదు గదా?"

"మాకా? మాకెవరికీ రాలేదు" అన్నాను.

"మీ మరదలికి?"

"నెగెటివ్ కాగితం ఉంది. చూస్తావా?"

"వద్దొద్దు, కాగితం ఎందుకక్కా" అని తల దించుకున్నాడు. "అయితే నేనే తెచ్చా గదా? అందరూ అదే అంటండారు. నేను దగ్గరికి కూడా పోలేదక్కా. క్యారియర్ ఒక్కటే ఇచ్చా. సబ్బుతో కడిగే ఇచ్చా. దాని మీద అంటుకోనుంటదా?"

ఇదీ ఆ క్షణం. మీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. అతను నన్ను బతిమాలుతున్నాడు. కాదు బాబూ, ఎవరి వల్ల వచ్చిందో దేవుడికే తెలుసు, నీ తప్పేం లేదు అంటానని చూస్తున్నాడు. నిజం చెప్పక్కర్లేదు. నా గుట్టు నా దగ్గరే ఉంచుకుని కూడా ఆ ఒక్క ముక్క అనొచ్చు. నోరు తెరిచాను కూడా. కానీ అతను కాదంటే ఇంకెవరు అని వెతుకుతారు. వెతికితే ఆ గదిలో ఉన్నది మేమే.

"అంబులెన్సులు ముట్టుకుంటివి. ఇంకెవరు తెస్తారు?" అన్నాను. చాలదన్నట్టు ఇంకోటి కలిపాను. "క్యారియర్ మీద ఎందుకుండదు? స్టీలు మీద రోజులు రోజులు ఉంటది. మాకు ట్రైనింగ్‌లో చెప్పారు."

తల ఊపాడు. లెక్కల మాస్టారు జవాబు సరిచూసి చెబితే పిల్లలు ఊపుతారే, అలా. వస్తానక్కా అని వెళ్ళిపోయాడు. ఆ డబ్బాలో అన్నం ఎవరికీ పెట్టలేదు, కుక్కకు వేసి, డబ్బా తోమి మా సెంటర్ ఆయా చేత పంపించాను.

ఆ రోజు నుంచీ సలీం తన కూతుర్ని ముట్టుకోలేదు.

మొదట నాకు తెలియదు. పిల్లను నాయనమ్మ పెంచుతోందని మాత్రం విన్నాను. మూడేళ్ళు నిండాక ఆ పెద్దావిడ ఆయాసపడుతూ దాన్ని నా సెంటర్‌కే తీసుకొచ్చింది. తల్లి అనుకుందంట, మీ దగ్గరే చదివియ్యాలని. సనా అనుకోండి దాని పేరు. తల్లి నవ్వే. సన్నగా పుల్లలా ఉండేది, నెలనెలా తూకం వేసి నేనే కార్డులో చుక్క పెట్టేదాన్ని, ఆ చుక్క పసుపు గీత దాటి ఆకుపచ్చలోకి ఎన్నడూ ఎక్కలేదు. ఇంట్లో మా వాడు బొద్దుగా దొర్లుతుంటాడు. సనాకు రోజూ గుడ్డు నేనే ఒలిచి ఇచ్చేదాన్ని. ఒక్కోసారి రెండు. పాపం తీరుతుందని కాదు. లేదు, అందుకే. అందుకే ఇచ్చాను, గుడ్లతో తీరుతుందేమోనని చూశాను.

మధ్యాహ్నం సెంటర్ వదిలేసరికి సలీం రోడ్డుకు అవతల నిలబడేవాడు. పిల్ల తండ్రిని అబ్బా అని పిలుస్తూ పరుగెత్తేది. దగ్గరకు రాగానే రెండు చేతులూ పైకి ఎత్తేసేవాడు, పోలీసు తుపాకి గురిపెడితే ఎత్తినట్టు. గ్రీజు అమ్మా, గ్రీజు అనేవాడు. రంజాన్ పండగ రోజు తెల్ల బట్టలు కట్టుకుని వచ్చినప్పుడూ ఎత్తేశాడు. ఆ రోజు గ్రీజు లేదు. పిల్ల అతని చొక్కా అంచు పట్టుకుని నడిచేది. చేతులు సర్ఫుతో కడిగి కడిగి వేళ్ళ సందులు తెల్లగా పగిలి ఉండేవి. నేను ఇవన్నీ వరండాలో నిలబడి చూశాను. రెండేళ్ళు చూశాను. ఒక్క మాట అంటే ఆ చేతులు కిందికి దిగుతాయి. ఆ మాట ఎవరి దగ్గరుందో నాకు తెలుసు.

మొన్న అతను సెంటర్‌కు వచ్చాడు. సనా పేరు మీద నా దగ్గర్నుంచి ఒక కాగితం కావాలి, బళ్ళో చేర్చడానికి. ఏ బడి అని అడిగాను. పేటలో కాదట. దాచేపల్లిలో అతని అక్క ఉంది, బావ సిమెంటు ఫ్యాక్టరీలో పని, పిల్లల్లేరు. వాళ్ళకు ఇచ్చేస్తున్నాడు. "అక్కడే ఉండిపోద్ది. వాళ్ళనే అమ్మా నాన్నా అని పిలవమని చెప్తన్నా. నా కాడ ఉంటే దానికీ ఏదో ఒకటి అయ్యిద్ది టీచరక్కా" అన్నాడు. కోపం లేదు, ఏడుపు లేదు. ఎప్పుడో తేలిపోయిన సంగతి చెప్పినట్టు చెప్పాడు.

నాకు అప్పుడు నోరు వచ్చింది. ఏమని వచ్చిందో వినండి. ఫోటో రెండు కాపీలు కావాలి, ఒకటే తెచ్చావేంది అని కసిరాను. పరుగెత్తి వెళ్ళి తీయించుకొచ్చాడు. సంతకం పెట్టి, స్టాంపు వేసి ఇచ్చాను.

వాళ్ళు వెళ్ళేది నిన్న పొద్దున అని ఆయా చెప్పింది. చెప్పేద్దామనే వెళ్ళాను బస్టాండుకు. నిజంగా ఆ ఉద్దేశంతోనే వెళ్ళాను, దారి పొడుగునా మాటలు కూడబలుక్కుంటూ నడిచాను. మేనత్త పిల్లను కిటికీ పక్కన కూర్చోబెట్టుకుంది. సలీం కింద నిలబడ్డాడు. సనా ఊచల్లోంచి చెయ్యి బయటకు పెట్టి అతని వైపు చాపింది. అతను చేతులు పైకెత్తాడు. పిల్ల చెయ్యి అలాగే ఉంచింది. బస్సు స్టార్ట్ చేశారు. నేను నాలుగు అడుగుల దూరంలో ఉన్నాను. నాలుగే.

"దానికి నీళ్ళ సీసా పెట్టారా?" అన్నాను.

పెట్టామక్కా అన్నాడు. బస్సు కదిలి, మలుపు తిరిగింది. అప్పుడు నా వైపు తిరిగి దణ్ణం పెట్టాడు, పగిలిన ఆ చేతులతోనే. "తల్లికీ మీరే చేశారు, పిల్లకీ మీరే చేశారు. మీ రుణం తీర్చుకోలేనక్కా" అన్నాడు. నేను సర్లే సర్లే అని వచ్చేశాను.

ఇంటికొచ్చి ఈ కాగితాలు పట్టుకున్నాను. నిన్నటి నుంచి రాస్తున్నాను. మా వాడు రెండుసార్లు వచ్చి ఏం రాస్తున్నావత్తా అని అడిగి వెళ్ళాడు. వీడికి తను తాగిన పాలు ఎవరివో తెలియదు. చెబితే వీళ్ళ అమ్మ నా మొహం చూడదు, తమ్ముడు చూడడు, నా ఉద్యోగం ఉండదు. ఇవన్నీ ఉండాలని, ఆ పిల్లకు తండ్రిని లేకుండా చేశాను. ఇంతకంటే మర్యాదగా ఈ సంగతి రాయడం నాకు చేతకాదు.

సలీం, నువ్వు ఏమీ తేలేదు. నీ క్యారియర్ మీద ఏమీ లేదు. జబ్బు మా మంచం మీద ఉంది, ఉందని తెలిసి నేను తెర తీశాను, ఎత్తి ఇచ్చాను, నువ్వు వచ్చి అడిగితే నీ మీద వేశాను.

ఐదేళ్ళలో మొదటిసారి గుండెల మీద బరువు దిగినట్టుంది. ఇందాక ఒక ముద్ద అన్నం కూడా సహించింది. పిల్ల మాత్రం దాచేపల్లిలో ఉంది.